నాన్న పెట్టిన రెండో ఎర్తు

ఇడ్లీ రేకు నేను దొంగిలించానని మా అమ్మ ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతుంది. పచ్చి అబద్ధం. అడిగే తీసుకున్నాను. అడిగినప్పుడు ఆవిడ గోడ అవతలి ఆవిడతో కబుర్లలో ఉండి "ఆఁ ఆఁ" అంది. నాకు ఆ "ఆఁ" చాలు. పైగా ఆ రేకు పోయింది అమ్మ పాట కోసమే. కాబట్టి దొంగ అనిపించుకున్నా నాకేమీ బాధ లేదు. కొంచెం కోపం ఉంది, అంతే.

మాది బిలాస్‌పూర్ రైల్వే కాలనీ. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. నాన్న తీగల గ్యాంగులో లైన్‌మన్. కరెంటు ఇంజిన్ల నెత్తి మీద తీగ ఉంటుందే, ఇరవై ఐదు వేల వోల్టులది, అది తెగినా, వదులైనా, దాని మీద కాకి ఇనప పుల్లలు తెచ్చి కాపురం పెట్టినా ఎక్కి బాగుచేసేది ఆయనా, ఆయన మనుషులూ. ఇక నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, ఉద్యోగం దొరక్క, ఇంట్లో కూర్చుని కనబడ్డ ప్రతి మనిషి మీదా విసుక్కుంటున్నాను. ఎనభైల చివర మాట ఇది.

మా తెలుగువాళ్లు ఏటా శ్రీరామనవమికి కాలనీ మైదానంలో పందిరి వేసేవారు. పొద్దున్న ఉపన్యాసాలు, మిట్టమధ్యాహ్నం కల్యాణం, ఆ తరవాత పానకం, వడపప్పు, ఆడవాళ్ల పాటలు. మైదానానికి ఆనుకునే రైలు లైను. రాముడి పెళ్లని బొగ్గు మోసే గూడ్సు బళ్లు ఆగవు కదా, పోతూనే ఉండేవి. మా అమ్మది సన్నటి గొంతు. వంటింట్లో పాడుకుంటుంటే గుమ్మంలో నిలబడి వినాలనిపిస్తుంది. మైదానంలో పాడితే మాత్రం మొదటి వరస దాటదు. అద్దె మైకు సెట్టు మగవాళ్ల ఉపన్యాసాలకి గర్జించి, ఆడవాళ్ల పాటల వేళకి నీరసించిపోయేది.

ఆ ముందటేడాది అమ్మ పాడుతుండగా బొగ్గు బండి వచ్చింది. కమిటీ సెక్రటరీ గారు వేదికెక్కి మైకు లాక్కున్నారు. "అమ్మా, తమరేటి పాడతన్నారో ఇక్కడెవరికీ వినబళ్లేదు. గొంతున్నోళ్లు ఎవరైనా ఉంటే పైకి రండమ్మా!" అన్నారు. జనం గొల్లున నవ్వారు. అమ్మ చరణం మధ్యలో ఆగిపోయి, మెట్లు దిగి, చెప్పులు వేసుకుని ఇంటికి వచ్చేసింది. పాటల నోటుబుక్కు తీసుకెళ్లి పెట్టె అడుగున పడేసింది.

తరవాత ఆడవాళ్లంతా వచ్చి బతిమాలితే ఒక మాట ఇచ్చింది. "ఇంకొక్క ఏడు ఎక్కుతాను. అప్పుడూ వినబడకపోతే ఇంక నా జన్మలో ఆ మెట్లు తొక్కను." మా అమ్మ అంటే అన్నట్టే. ఆవిడ ఏదీ ఊరికే అనదు.

నాకు ఒళ్లు మండిపోయింది. డిప్లొమా కాగితం గోడకి వేలాడుతోంది, నా తల్లి గొంతు మొదటి వరస దాటడం లేదు. ఇంకెందుకు నా చదువు? సెట్టు నేనే చేస్తానన్నాను. నాన్న పేపరు మడిచి, "అచ్ఛా?" అన్నాడు. అమ్మ నోటుబుక్కు మాత్రం పెట్టె అడుగు నుంచి పైకి వచ్చింది.

ఆ రోజుల్లో కొత్తగా చిన్న గొంతుని పెద్దది చేసే చిప్పు, ఐదు కాళ్ల ఐసీ ఒకటి బజార్లోకి వచ్చింది. బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది, నల్లగా, వీపున చిల్లున్న రేకు ముక్కతో ఉంటుంది. పన్నెండు వోల్టులిస్తే ఓ భోంపుని, అదే, పందిళ్ల మీద కట్టే రేకు గొట్టాన్ని, వీధంతా వినబడేలా అరిపిస్తుంది. పాత క్యాలెండరు కాగితాల వెనక బొమ్మ గీశాను. ఒకటో కాలు లోపలికి వచ్చే పాటకి, మూడోది నేలకి, నాలుగోది బయటికి పోయే పాటకి, ఐదోది కరెంటుకి. రెండో కాలిదే అసలు పితలాటకం. బయటికి పోయే పాటలోంచి చిటికెడు తీసి దానికి వెనక్కి పంపాలి. చిటికెడు తక్కువైతే ఐసీ చెలరేగిపోతుంది, ఎక్కువైతే గొణుగుతుంది. కూరలో ఉప్పు లాంటిదే. పదకొండు కాగితాలు చింపాక నాకు ఆ పాళ్లు కుదిరాయి. మైకు నుంచి వచ్చే పాట మరీ పీలగా ఉంటుంది కాబట్టి ముందు దాన్ని కాస్త పోషించడానికి ఒక ట్రాన్సిస్టరు పెట్టాను.

మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు ఐదు నిమిషాలు బ్రహ్మాండంగా పలికింది. ఆరో నిమిషంలో నోరు మూసుకుంది. ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. చల్లారాక మళ్లీ పలికింది, మళ్లీ మూసుకుంది. ఆ వేడిని లాగేయడానికి దాని వీపుకి పెద్ద అల్యూమినియం రేకు బిగించాలి. ఇల్లంతా వెతికాను. నాన్న డ్యూటీ నుంచి రైల్వే మేకు ఒక్కటైనా ఇంటికి తెచ్చే రకం కాదు. వంటింట్లో మాత్రం ఇడ్లీ పాత్ర ఉంది. అందులో నాలుగు రేకులు, ప్రతి రేకుకీ నడుమ కాడ దూర్చే చిల్లు. దేవుడు నా కోసమే పొడిచి పెట్టాడనుకున్నాను.

"ఏటే గుంటా, రేకుకి మేకు కొట్టీసినావా?" అని అమ్మ గుమ్మంలోంచి కేక పెట్టింది.

"మేకు కాదు, బోల్టు. చిల్లు ముందే ఉందమ్మా."

అమ్మ వచ్చి, అరగంటగా మోగుతున్న సెట్టు మీద రేకుని వేలితో తాకి చూసింది. "బాగానే వేడెక్కిందే. పిండి పొయ్యనా?" అంది.

ఆ వారమంతా మా ఇంట్లో ఇడ్లీలు వాయికి నాలుగు తగ్గాయి. ఆ నాలుగూ నా కంచంలోంచే తగ్గాయి.

అంతా అయ్యాక సెట్టుని ఓ ఇనప పెట్టెలో బిగించి నాన్న ముందు పెట్టాను. ఆయన పాట వినలేదు. ముందు పెట్టెని తిప్పి వెనక చూశాడు.

"ఎర్తేది?"

"ఇదుగో. మూడు పిన్నుల ప్లగ్గు. పెద్ద పిన్ను తీగ పెట్టెకే కట్టాను."

"ఒకటేనా?"

"ఒకటి చాలు నాన్నా. పన్నెండు వోల్టులకి ఎన్ని ఎర్తులు కావాలేం?"

"పన్నెండు నీ ఐసీకి. దానికి ఇవతల రెండొందల ముప్పై ఉంది కదేటి? మైకు ఇనపది. మీ అమ్మ దాన్ని నోటికాడ పెట్టుకుంటాది."

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. తీగ మీద పని మొదలెట్టే ముందు కరెంటు ఆపేస్తారు. అయినా ఆ తీగని నమ్మరు. పక్క లైను నుంచి కరెంటు దొంగచాటుగా దూరుతుంది. అందుకని పనిచేసే చోటికి అటూ ఇటూ, రెండువైపులా, పొడుగాటి కర్రలతో తీగని పట్టాకి కలిపి, దూరిన కరెంటు నేలలోకి పోయేలా ఎర్తు చేస్తారు. రెండువైపులా. ఒకనాడు ఒకవైపు కర్ర పెట్టడం మరిచిపోయారు. ఆ రోజు నాన్న పక్కన పనిచేస్తున్న ఆయన, మా ఇంటికొచ్చి నన్ను భుజాల మీద ఎక్కించుకున్న ఆయన, కిందకి ప్రాణంతో దిగలేదు. నాన్న ఎడమ చేతి రెండు వేళ్లు అప్పటి నుంచి ముడుచుకోవు. ఇంకో నియమం కూడా ఉంది. ఎర్తు పెట్టినవాడే ఎర్తు తియ్యాలి. తీసే ముందు "సబ్ ఉతర్ గయే?" అని, అందరూ దిగారా అని, కేకేసి అడగాలి. పైనున్న ప్రతి మనిషీ దిగి, "ఉతర్ గయా" అని తన నోటితో చెప్పాలి. ఒక్కడు చెప్పకపోయినా తియ్యకూడదు.

అందుకే మా ఇంట్లో అన్నింటికీ ఎర్తే. ఇస్త్రీ పెట్టెకి, టేబులు ఫ్యానుకి, ఆఖరికి కరెంటు వాసనే తెలియని ఇనప బీరువాకి కూడా. పెరట్లో గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ వేసి, అందులో ఓ ఇనప రాడ్డు పాతాడు. అది తడిగా ఉండాలని అమ్మ రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోసేది. పక్క క్వార్టరుకి కొత్తగా వచ్చిన ఆవిడ అమ్మ భక్తి చూసి, ఓ శుక్రవారం ఆ రాడ్డుకి పసుపు రాసి బొట్టు పెట్టి వెళ్లింది. నాన్న దాన్ని తుడవనివ్వలేదు.

ఆ రాడ్డు నుంచి రాగితీగ లాగి, నా పెట్టె ముందు వైపు, మైకు దూర్చే చోట నట్టు కింద బిగించాడు. వెనక ప్లగ్గులోంచి కాలనీ ఎర్తు, ముందు మా పెరటి ఎర్తు. చేతులు దులుపుకుని, "ఇప్పుడు పాడమను" అన్నాడు.

స్విచ్చి వేశాను. బుయ్యిమంది.

మామూలు బుయ్యి కాదు. తేనెపట్టుని కర్రతో పొడిచినట్టు. అమ్మ పాడింది, బుయ్యిలో మునిగిపోయింది. కెపాసిటరు పెద్దది వేశాను. ట్రాన్స్‌ఫార్మరుని దూరం జరిపాను. తీగలు మెలితిప్పాను. ఇడ్లీ రేకుని అనుమానించి కొయ్య ముక్కల మీదకి ఎక్కించాను. అయినా బుయ్యే. ఎర్తు బుయ్యిని తగ్గిస్తుందనే కాలేజీలో చెప్పారు, అందుకని రాడ్డు మీదకి నా అనుమానం పోలేదు. కరెంటు ఇంజిను అటుగా పోతుంటే ఆ బుయ్యి ఇంకాస్త లావయ్యేది. నాకు దొంగ దొరికాడనిపించింది.

"మీ తీగే నాన్నా! మీ ఇరవై ఐదు వేల వోల్టుల తీగే నా సెట్టులోకి దూరుతోంది!"

"నా తీగననకు. నా తీగ దాని దారిన అది పోతాది. నీ సెట్టే సరిగా లేదు."

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు సెట్టుని సంచిలో పెట్టుకుని బుధవారీ బజారుకి వెళ్లాను. అక్కడ రేడియోలు బాగుచేసే ముసలాయన ఉండేవాడు. నోట్లో పాన్‌తో ఎప్పుడూ ఆకాశంలోకి చూస్తూ మాట్లాడేవాడు. సెట్టు పెట్టి స్విచ్చి వేస్తే ఖణేల్‌మని పలికింది. బుయ్యి లేదు! నాకు తల తిరిగిపోయింది. ఇంట్లో ఎలా బిగిస్తావని అడిగాడు. చెప్పాను.

"దో జగహ్ ఎర్త్?" అని కళ్లు కిందకి దించాడు. "ఏక్ నికాలో, బేటీ."

ఒకటి తీసెయ్యాలట, ఎందుకో విడమరిచి చెప్పాడు. ఇంజిను తాగిన కరెంటు పట్టాల గుండా వెనక్కి పోతుంది, అందులో కొంత నేలలోకి జారుతుంది. రైలు లైను పక్క నేలలో ఇక్కడో వోల్టు ఉంటే అక్కడ ఇంకో వోల్టు. రెండు చోట్ల ఎర్తు చేస్తే ఆ తేడా ఒక ఎర్తు నుంచి ఎక్కి, నీ పెట్టెలోంచి నడిచి, రెండోదానిలోంచి దిగుతుంది. దారిలో పాటతో కలిసి పోతుంది. ఒకటే ఎర్తు అయితే దిగడానికి దారి లేదు కాబట్టి అసలు ఎక్కనే ఎక్కదు. ప్లగ్గుది ఉంచు, మనిషి ప్రాణానికి అదే కాపు. రాడ్డు తీగ తీసెయ్యి.

అంటే నా మాటా నిజమే, నాన్న మాటా నిజమే. కరెంటు ఆయన లైనుదే. తలుపు తీసి లోపలికి పిలిచింది ఆయన రాడ్డే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నాన్నకి చెప్పాను. బొమ్మ గీసి చెప్పాను. ఆయన బొమ్మ అంతా చూసి, "నువ్వు చెప్పింది రైటే" అన్నాడు. "కానీ తియ్యను."

"ఎందుకు?"

"ప్లగ్గు ఎర్తు ఎప్పుడు ఊడిపోతాదో నీకు తెలుసా? నాకు తెల్దు. ఒక్క ఎర్తు మీద మనిషిని ఒగ్గీసినాను ఒకసారి. చాలు."

ఆయన డ్యూటీకి వెళ్లాక ఒకనాడు స్పానరు పట్టుకుని ఆ నట్టు దగ్గర కూర్చున్నాను. తిప్పితే ఒక్క నిమిషం పని. చెయ్యి రాలేదు. వెనక అమ్మ బియ్యం కడిగిన నీళ్ల గిన్నెతో నిలబడి ఉంది.

"ఒగ్గీయే. ఆయన పెట్టింది ఆయనే తియ్యాల," అంది. "నా పాటకేటిలే, బుయ్యిమన్నా పాడతాను."

నా జీవితంలో అంత కోపం, అంత ఏడుపు ఒకేసారి ఇంకెప్పుడూ రాలేదు.

నవమి వచ్చింది. పొద్దున్నే నాన్న పందిరి పక్కన ఇంకో రాడ్డు పాతి, బిందెడు నీళ్లు పోసి, దాని తీగని సెట్టు ముందు నట్టుకి బిగించాడు. వెనక ప్లగ్గు, దగ్గరి క్వార్టరు నుంచి లాగిన లైనుకి. అంతా అయిందనగా గ్యాంగు నుంచి మనిషి పరుగెత్తుకొచ్చాడు. లాల్‌ఖదాన్ దగ్గర తీగ తెగింది. నాన్న నా వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఉపన్యాసాలు బుయ్యిలోనే గడిచాయి. మగవాళ్లు అరిచి నెగ్గుకొచ్చారు. కల్యాణం మంత్రాలూ నెగ్గుకొచ్చాయి. సెక్రటరీ గారు నా దగ్గరకి వచ్చి, "ఏటమ్మా, రాముడి పెళ్లికి తుమ్మెదల్ని పిలిచినావా?" అన్నారు. నేను పళ్లు నూరుతూ నవ్వాను. పానకం గ్లాసులు తిరిగాయి. ఆడవాళ్ల వంతు వచ్చింది.

అమ్మ ఎక్కింది. నోటుబుక్కు తెరిచింది. మైకు దగ్గరకి నోరు పెట్టి మొదటి మాట అంది. బుయ్యి దాన్ని మింగేసింది. వెనక వరసలో ఎవరో "బుయ్యి" అని వెక్కిరించారు, పిల్లలందరూ అందుకున్నారు. అమ్మ ఆగిపోయింది. సెక్రటరీ గారు లేచారు. ఈసారి వెటకారం లేదు, పాపం జాలిగానే, "అమ్మా, పోనీ దిగీండి, మరెప్పుడైనా చూద్దారి" అన్నారు. జాలి నాకు వెటకారం కంటే అన్యాయంగా అనిపించింది. అమ్మ కాగితం వైపే చూస్తోంది. నోటుబుక్కు మూసిందంటే అయిపోయినట్టే. నేను నట్టు మీద చెయ్యి వేసి ఉన్నాను. నట్టు తిప్పడం లేదు, చెయ్యి తియ్యడం లేదు.

అప్పుడు సైకిలు చప్పుడైంది. నాన్న. ఒళ్లంతా మసి, తలమీద హెల్మెట్టు కూడా తియ్యలేదు. వేదిక మీద నిలబడ్డ అమ్మని చూశాడు. పిల్లల బుయ్యి విన్నాడు. ఒక్క క్షణం ఆగి సంచిలోంచి తన పరీక్ష బల్బు తీశాడు. ప్లగ్గు బోర్డు దగ్గర కూర్చుని, ఒక తీగ కరెంటు రంధ్రంలో, ఒక తీగ ఎర్తు రంధ్రంలో పెట్టాడు. బల్బు భగ్గున వెలిగింది, అంటే ప్లగ్గు ఎర్తు ఊడలేదు. తీశాడు, మళ్లీ పెట్టాడు. మళ్లీ వెలిగింది. మూడోసారీ చూశాడు.

లేచి నా దగ్గరకి వచ్చి స్పానరు అడిగాడు. నట్టు మీద పెట్టాడు. ముడవలేని ఆ రెండు వేళ్లూ పక్కకి నిక్కి ఉన్నాయి. తలెత్తి, లైను మీద అరిచే గొంతుతో అరిచాడు.

"సబ్ ఉతర్ గయే?"

పందిరంతా తలలు తిప్పింది. గ్యాంగువాళ్ల ఇళ్లవాళ్లకి ఆ కేక తెలుసు. ఎవరూ నవ్వలేదు. పిల్లలు కూడా ఊరుకున్నారు. బుయ్యి ఒక్కటే మిగిలింది.

"సబ్ ఉతర్ గయే?"

పైన ఉన్నది ఒక్క మనిషి. నియమం ప్రకారం ఆవిడ దిగాలి, దిగానని చెప్పాలి. అమ్మ ఆయన కేసి చూసింది. మైకుని రెండు చేతులతో పట్టుకుంది.

"దిగలేదు. పాడిందాకా దిగను," అంది. బుయ్యి మీదుగా కూడా నాకు స్పష్టంగా వినబడింది.

నాన్న ప్లగ్గు బోర్డు వైపు ఇంకోసారి తిరిగి చూశాడు. ఆయన మొహంలోకి చూడలేకపోయాను. చివరికి, "అయితే అక్కడే ఉండు," అని నట్టు తిప్పాడు. ఆయన ఉద్యోగం మొత్తంలో మనిషి పైన ఉండగా ఎర్తు తియ్యడం అదొక్కసారే.

బుయ్యి ఆగిపోయింది. భోంపులోంచి అమ్మ ఊపిరి వినబడింది. తరవాత పాట వినబడింది. వంటింట్లో ఎలా ఉంటుందో అలాగే, సన్నగా, తిన్నగా, చివరి వరసా దాటి, క్వార్టర్ల గోడల దాకా. రెండో చరణంలో కరెంటు ఇంజినుతో బొగ్గు బండి వచ్చింది. నేను చేతులు రెండూ బిగించుకున్నాను. బండి పోయింది. పాట ఉంది. సెక్రటరీ గారు ఖాళీ గ్లాసు పట్టుకుని అలా వింటూ ఉండిపోయారు. నేను ఆయన్ని అప్పుడే క్షమించేశాను, చెప్పలేదు గాని.

నాన్న మాత్రం కూర్చోలేదు, పానకం తీసుకోలేదు. ఊడదీసిన తీగ చివర కుడిచేతిలో పట్టుకుని, ప్లగ్గు బోర్డు పక్కన కాపలా నిలబడ్డాడు. అమ్మ ఒకటి కాదు, మూడు పాటలు పాడింది. మధ్యలో ఆయన కళ్లు బోర్డు మీద నుంచి అమ్మ మీదకి, అమ్మ మీద నుంచి బోర్డు మీదకి తిరుగుతూనే ఉన్నాయి. జనం చప్పట్లు కొట్టారు. అమ్మ నోటుబుక్కు చంకలో పెట్టుకుని, కొంగు సర్దుకుని మెట్లు దిగి, నేల మీద కాలు పెట్టి తిన్నగా ఆయన ముందుకి వచ్చి నిలబడింది.

"దిగీసినావా?" అన్నాడు నాన్న.

"దిగీసినాను," అంది అమ్మ.

అప్పుడు గాని ఆయన ఆ తీగ చుట్టలేదు.